ఆయాసం ఉన్న పిల్లలకి ముక్కులో ఉప్పునీటి చుక్కలు: నిజంగా పనిచేస్తాయా?

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
2025 నవంబర్ 9, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగున్నరేళ్లు. జలుబు పట్టిందంటే మూడో రోజుకల్లా పిల్లికూతలు మొదలు. పోయిన దసరా నుంచి శివరాత్రి దాకా అయిదుసార్లు నెబులైజర్ పెట్టించాం. ఒకసారి రెండు రాత్రులు ఆసుపత్రిలోనే ఉన్నాం. వెళ్లిన ప్రతిసారీ యాంటీబయాటిక్, దగ్గు సిరప్. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయిన సంగతి పేపర్లో చదివాక ఇంట్లో ఉన్న సిరప్ సీసాలన్నీ పారేశాను.

పోయిన వారం కొత్త పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి పొద్దున, సాయంత్రం రోజూ ఇన్‌హేలర్ వాడమన్నారు. దాంతోపాటు ముక్కులో సెలైన్ చుక్కలు, జలుబున్నప్పుడు రోజుకి నాలుగైదుసార్లు. అంతే. మా అత్తయ్య చీటీ చూసి "ఆరొందలు తీసుకుని ఉప్పునీళ్లు రాశాడా?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఈ చుక్కల వల్ల ఏమైనా ఉంటుందా? మావాడు సీసా చూస్తేనే మంచం కిందకి దూరుతున్నాడు, వేయడానికి ఇద్దరం కావాలి. ఇంకోటి, ఇవి పనిచేస్తే ఇన్‌హేలర్ తగ్గించొచ్చా? చిన్నప్పుడే అలవాటు పడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు పక్కనే నోరు తెరుచుకుని పడుకున్నాడు, గురగురమంటోంది.

రెడ్డి_గారి_చిన్నకోడలు, కడప
నవంబర్ 10, ఉదయం 6:15

మా పాపకి ఏడాదిన్నరప్పటి నుంచి వేస్తున్నా అక్కా. జలుబు ఆగదు గానీ పాలు తాగగలుగుతుంది, నిద్రపోతుంది. నాకు అది చాలు.

పిల్లల_డాక్టర్_ఓరుగల్లు
నవంబర్ 10, ఉదయం 7:30

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న. ఇన్‌హేలర్ ఆపొద్దు, మీ అంతట మీరు తగ్గించొద్దు. అలవాటు పడటమనేది అందులో లేదు. నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ సిరప్ మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇన్‌హేలర్‌లోదీ స్టెరాయిడే గానీ మైక్రోగ్రాముల్లో. అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్క. అది నేరుగా శ్వాసనాళాల మీద పడి అక్కడి వాపుని అదుపులో ఉంచుతుంది. వాడాక పుక్కిలించి ఉమ్మించండి, మాస్కు ఉంటే మొహం కూడా తుడవండి. నోట్లో తెల్లపూత రాకుండా ఉంటుంది.

ఇక చుక్కలు. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే ఇంట్లో వీధి గుమ్మం, లోపలి గది లాంటివి. లోపలికి వెళ్లే గాలిని వెచ్చబెట్టి, తడిపి, దుమ్ము వడపోసే పని ముక్కుది. అది దిబ్బడేస్తే పిల్లాడు నోటితో పీలుస్తాడు. చల్లని పొడిగాలి, దుమ్ము సరాసరి లోపలికే. అసలే అలిగి ఉన్న శ్వాసనాళాలు ఇంకా బిగుసుకుంటాయి. పడుకున్నప్పుడు చీమిడి గొంతు వెనక్కి జారి రాత్రంతా దగ్గు. ఆ దగ్గు ఛాతీదో ముక్కుదో తల్లికే కాదు, ఒక్కోసారి మాకూ తేలదు. ముక్కు శుభ్రం చేసి పడుకోబెడితే సగం దగ్గు పోయిందనుకోండి, ఆ సగం ముక్కుదేనని తెలుస్తుంది. చుక్కలు రాయడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

అవి ఆస్తమాకి మందు కావు. పక్కనుండి సాయం చేస్తాయి.

మీ బాబు వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. పిల్లల్లో ఆస్తమా ఒక్కసారిగా రేగడానికి పెద్ద కారణం కూడా జలుబు వైరస్‌లే. రైనోవైరస్ వాటిలో ముందుంటుంది. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు.

స్కాట్లండ్_సుబ్బారావు, ఎడిన్‌బరో
నవంబర్ 10, మధ్యాహ్నం 2:05

మా ఊళ్లో పుట్టిన సంగతే కాబట్టి చెప్తాను. ఎడిన్‌బరోలో ఎల్విస్ కిడ్స్ అని ఒక పరీక్ష జరిగింది. ఎల్విస్ ప్రెస్లీ అనే గాయకుడికీ దీనికీ సంబంధం లేదు, పొడుగాటి ఇంగ్లీషు పేరుకి పొడి అక్షరాలు. ఆరేళ్ల లోపు పిల్లల్ని 407 మందిని చేర్చుకున్నారు. వాళ్లలో జలుబు చేసినవాళ్లలో 150 మందికి ఉప్పునీటి చుక్కలు, 151 మందికి ఇళ్లల్లో మామూలుగా చేసేదే. తల్లిదండ్రులకి సముద్రపు ఉప్పు ఇచ్చి సుమారు 2.6 శాతం ద్రావణం ఎలా కలపాలో నేర్పారు. ముక్కుపుటానికి మూడేసి చుక్కలు, రోజుకి కనీసం నాలుగుసార్లు.

చుక్కలు వేసిన పిల్లలకి జలుబు సగటున ఆరు రోజులు, మిగతావాళ్లకి ఎనిమిది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది వేరే. చుక్కలు వేసిన ఇళ్లల్లో ఇంకొకరికి జలుబు అంటుకోవడం 46 శాతం, రెండో గుంపులో 61 శాతం. 2024 సెప్టెంబర్‌లో వియన్నాలో జరిగిన యూరప్ శ్వాసకోశ వైద్యుల సభలో ఈ ఫలితాలు చెప్పారు.

ఎలా పనిచేస్తుందంటే, ఉప్పులో ఉన్న క్లోరైడ్‌ని ముక్కు లోపలి కణాలు తీసుకుని హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసుకుంటాయట. అది వైరస్ పెరగడాన్ని అణుస్తుంది. మన ఒంట్లోనే చిన్న బ్లీచింగ్ కార్ఖానా అన్నమాట.

లెక్కల_మాస్టారు, అనంతపురం
నవంబర్ 10, సాయంత్రం 5:48

సుబ్బారావు గారూ, అంకెలు బాగున్నాయి. రెండు మాటలు. ఎవరికి చుక్కలు పడుతున్నాయో తల్లిదండ్రులకి తెలుసు, జలుబు ఎన్ని రోజులుందో రాసిందీ వాళ్లే. తమ చేత్తో చేసిన వైద్యం మీద ఎవరికైనా కాస్త పక్షపాతం ఉంటుంది. రెండోది, అది మామూలు జలుబు మీద చేసిన పరీక్ష. ఆస్తమా పిల్లల్ని ఎంచుకుని చేసింది కాదు. కాబట్టి "ఆస్తమా తగ్గుతుంది" అని దాన్నుంచి లాగకూడదు.

అలాగని కొట్టిపారేయను. 2008లో చెక్ దేశంలో ఆరు నుంచి పదేళ్ల పిల్లలు 401 మందితో సముద్రపు నీటి స్ప్రే పరీక్ష చేశారు. ముక్కు లక్షణాలూ తగ్గాయి, మందుల వాడకమూ తగ్గింది. అలర్జీ ముక్కు మీద 2018లో కాక్రేన్ అనే వైద్య సమీక్షల సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ ఏరి చూసి, ఉపశమనం ఉండొచ్చు గానీ ఆధారాల నాణ్యత తక్కువ అన్నారు. చౌక, హాని దాదాపు లేదు, లాభం కొంత. నా మార్కులు నూటికి అరవై.

స్కాట్లండ్_సుబ్బారావు, ఎడిన్‌బరో
నవంబర్ 10, రాత్రి 8:30

అరవై అంటే ఫస్ట్ క్లాసే కదండీ మాస్టారూ.

ప్రకృతి_బాట, తిరుపతి
నవంబర్ 10, రాత్రి 9:10

ఎడిన్‌బరో, వియన్నా దాకా ఎందుకు? హఠయోగంలో షట్కర్మల్లో, అంటే ఒంటిని శుభ్రం చేసే ఆరు క్రియల్లో, నేతి (ముక్కు కడుక్కోవడం) ఉండనే ఉంది. నేతి లోటా ఒకటి కొని, ఓ చెంచా ఉప్పు వేసి, పంపు నీళ్లతో పొద్దున్నే జలనేతి చేయించండి. మా మనవడికి మూడేళ్లప్పటి నుంచి చేయిస్తున్నాం. ఒక్క మాత్ర మింగలేదు. ఇన్‌హేలర్లన్నీ కంపెనీల వ్యాపారం.

డాలస్_నాన్న
నవంబర్ 10, రాత్రి 11:55

పెద్దవారు, ఏమనుకోకండి. పంపు నీళ్లు మాత్రం వద్దు. 2011లో ఇక్కడ లూసియానాలో ఇద్దరు సరిగ్గా ఇలాగే, నేతి పాత్రలో ఇంటి కొళాయి నీళ్లు పోసుకుని ముక్కు కడుక్కుని చనిపోయారు. నీగ్లీరియా అనే అమీబా. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కు పైభాగం నుంచి మెదడుకి పాకితే మాత్రం బతకడం చాలా అరుదు. అప్పటినుంచి ఇక్కడ ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు డిస్టిల్డ్ నీళ్లు గానీ, మూడు నుంచి అయిదు నిమిషాలు మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ వాడమని చెప్తున్నారు.

పిల్లల_డాక్టర్_ఓరుగల్లు
నవంబర్ 11, ఉదయం 7:05

ఇది అమెరికా గొడవే అనుకోవద్దు. 2024లో కేరళలో కుంటల్లో, చెరువుల్లో స్నానం చేసిన పిల్లలు కొందరు ఇదే జబ్బుతో చనిపోయారు. కోజికోడ్ జిల్లాలో ఒక పద్నాలుగేళ్ల బాబు మాత్రం త్వరగా గుర్తించడం వల్ల బతికాడు. అరుదైన జబ్బే. కానీ నీళ్లు మరిగించడం అయిదు నిమిషాల పని. ఆర్వో క్యాన్ నీళ్లూ సూక్ష్మజీవులు లేని నీళ్లు కావు, వాటినీ మరిగించాలి.

మూడేళ్ల పిల్లాడికి లోటాతో ధార పోయడం కూడా నేను చెప్పను. పొలమారుతుంది, భయపడతాడు, చెవుల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ వయసుకి చుక్కలు లేదా సన్నటి స్ప్రే చాలు. చెవి నొప్పి, చెవి కారడం ఉన్నప్పుడు కడగడం ఆపి డాక్టరుకి చూపించాలి.

ప్రకృతి_బాట, తిరుపతి
నవంబర్ 11, ఉదయం 9:40

మరిగించి వాడమంటే సరే, ఒప్పుకున్నాను. ఇవాళ్టి నుంచి మా ఇంట్లోనూ అలాగే. కంపెనీల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రిటైర్డ్_సిస్టర్, రాజమండ్రి
నవంబర్ 11, మధ్యాహ్నం 1:20

మంచం కిందకి దూరే బాబు వాళ్లమ్మకి. ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో చేశాను తల్లీ, చుక్కలు వేయడం కంటే పిల్లాణ్ణి ఒప్పించడమే పెద్ద పని.

సీసాని ముందు మీ రెండు అరచేతుల మధ్య ఓ నిమిషం పెట్టుకోండి. చల్లగా పడితే పెద్దవాళ్లకే చిరాకు. వాణ్ణి మీ ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకోండి, తల మీ మోకాలి దాటి కొద్దిగా కిందికి వాలాలి, మరీ వేలాడకూడదు. ఒక్కో వైపు రెండు మూడు చుక్కలు. సీసా మూతి ముక్కుకి తగలనివ్వద్దు. తగిలిన క్షణంలో మీరు నొక్కడం వదిలితే చీమిడి సీసాలోకి పోతుంది, తర్వాత మీరు వేసేది అదే. అరనిమిషం ఆగి లేపి కూర్చోబెట్టండి. ఒక వైపు మూసి రెండో వైపు మెల్లగా చీదించండి. రెండూ నొక్కిపట్టి గట్టిగా చీదిస్తే ఆ గాలి చెవిలోకి తంతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

పాలు తాగే బిడ్డలున్నవాళ్లు పాలకి పది, పదిహేను నిమిషాల ముందు వేయండి. నెలల బిడ్డలకి ముక్కుతో పీల్చడమే తెలుసు, ముక్కు దిబ్బడేస్తే రొమ్ము పట్టి వదిలి పట్టి వదిలి ఏడుస్తారు. రబ్బరు బల్బుతో తీసేవాళ్లు ముందు బయటే నొక్కి గాలి తీసేశాక ముక్కు దగ్గర పెట్టి వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే చీమిడి ఇంకా లోపలికి పోతుంది. అదీ రోజుకి మూడు నాలుగుసార్లకి మించొద్దు, లోపల పొర వాస్తుంది.

కాస్త పెద్ద పిల్లలకి, కడిగే సీసా వాడేటప్పుడు, వాష్‌బేసిన్ మీదకి వంగి నోరు తెరిచి "ఆ" అంటూ ఉండమనండి. "ఆ" అంటున్నంతసేపూ నీళ్లు గొంతులోకి పోవు.

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
నవంబర్ 11, రాత్రి 10:30

సిస్టర్ గారూ, దండాలు మీకు. మేం ఇన్నాళ్లూ కూర్చోబెట్టి తల వెనక్కి విరిచి వేస్తున్నాం, పైగా ఫ్రిజ్ తలుపులో పెట్టిన సీసా! ఇవాళ వాడి బొమ్మ ఏనుగుకి ముందు వేశాను, తొండం పొడుగు కదా, అయిదు చుక్కలు. తర్వాత వాడు తనంతట తనే పడుకున్నాడు. "ఏనుగుకి కారిందా అమ్మా?" అని మూడుసార్లు అడిగాడు.

మందులషాపు_బెజవాడ
నవంబర్ 12, ఉదయం 11:15

కౌంటర్ వెనక నుంచి ఒక మాట. "పిల్లల ముక్కు చుక్కలు ఇవ్వండి" అని అడిగితే మా షెల్ఫులో రెండు రకాలున్నాయి. ఒకటి సోడియం క్లోరైడ్, అంటే ఉప్పునీళ్లు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 0.65 శాతంది. రెండోది జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్ ఉన్నది. రక్తనాళాల్ని బిగించి ముక్కు తెరిచే మందు. సీసాలు ఒకే సైజు, పేర్లు కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. రెండోది పడగానే అయిదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే జనానికి అదే నచ్చుతుంది. నాలుగైదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా బిగుస్తుంది, మళ్లీ వేయాలి. అలవాటు పడటమంటే అదీ. చిన్న పిల్లలకి డాక్టరు రాయకుండా వేయకూడదు.

అట్ట మీద కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. సోడియం క్లోరైడ్ తప్ప ఇంకేం ఉండకూడదు.

వంకాయ_పచ్చడి, నెల్లూరు
నవంబర్ 12, మధ్యాహ్నం 12:02

ఇంట్లో కలుపుకుంటే ఎంత ఉప్పు? మా ఆవిడ చిటికెడంటుంది, మా అమ్మ పిడికెడంటుంది.

కెమిస్ట్రీ_టీచరమ్మ, కరీంనగర్
నవంబర్ 12, సాయంత్రం 6:40

0.9 శాతం అంటే లీటరుకి 9 గ్రాములు, అర లీటరుకి నాలుగున్నర. మన రక్తంలో, కన్నీళ్లలో ఉప్పదనానికి దగ్గరగా ఉండేది అదే. అందుకే మండదు. ఒట్టి నీళ్లు ముక్కులోకి పోతే ఎలా చుర్రుమంటుందో చెరువులో ఈత నేర్చుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. నీళ్లు కణాల్లోకి చొరబడి ఉబ్బిస్తాయి. ఉప్పు ఎక్కువైతే కణాల్లోంచి నీళ్లు బయటికి లాగుతుంది, వాపు తీస్తుంది గానీ మండుతుంది.

చెంచా లెక్క నమ్మొద్దు. చెంచాడు మెత్తటి ఉప్పుకీ చెంచాడు గళ్లుప్పుకీ బరువు ఒకటి కాదు, మీ ఇంటి చెంచా మా ఇంటి చెంచా ఒకటి కాదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చిన్న డిజిటల్ కాటాలు దొరుకుతున్నాయి, దాంతో తూచండి. ఇది కూడా కడిగే వయసు పిల్లలకే. నెలల పిల్లలకి షాపులో సీసా కొనడమే మేలు. కలిపినది మూత పెట్టి ఉంచండి, మర్నాటికి మిగిలితే పారబోయండి, కడిగే సీసాని ఆరబెట్టండి.

వంకాయ_పచ్చడి, నెల్లూరు
నవంబర్ 12, రాత్రి 7:15

రెండు పార్టీలూ ఓడిపోయాయి. ధన్యవాదాలు మేడం.

గోదారి_గట్టు, భీమవరం
నవంబర్ 13, ఉదయం 8:25

ఇంట్లో పెద్దవాళ్ల గురించి కూడా రాయండి ఎవరైనా. మా అమ్మ మా పాప ముక్కులో ఆముదం చుక్క వేసేది. స్నానం కాగానే సాంబ్రాణి పొగ, దిండు కింద వాము మూటలో కర్పూరం. వద్దంటే "నువ్వు అలా పెరిగినోడివే" అంటుంది.

పిల్లల_డాక్టర్_ఓరుగల్లు
నవంబర్ 13, రాత్రి 9:00

నూనె ముక్కులో వేస్తే ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది, దానివల్ల న్యుమోనియా వస్తుంది. నూనె న్యుమోనియా అనే అంటాం. కర్పూరం పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి, పిల్లలకి అందే చోట పెట్టొద్దు. సాంబ్రాణి పొగ ఆయాసం ఉన్న ఇంట్లో అసలు వద్దు. వాము మూట ఒట్టిది దూరంగా పెట్టుకుంటే పెట్టుకోండి, అమ్మగారి మాట కూడా నిలబడాలి కదా. వేడినీళ్ల గిన్నె ముందు పిల్లల్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టొద్దు. ఆ నీళ్లు ఒంటి మీద ఒలికి కాలిన పిల్లల్ని చూశాను.

ఇంకో తికమక. ముక్కులో వేసే సెలైన్ వేరు, నెబులైజర్‌లో పోసే సెలైన్ వేరు. "ఎలాగూ ఉప్పునీళ్లేగా" అని గాఢమైన 3 శాతం సెలైన్ ఆస్తమా పిల్లలకి సొంతంగా నెబులైజర్‌లో పెట్టొద్దు, శ్వాసనాళాలు బిగుసుకోవచ్చు. గాఢమైన ఉప్పునీళ్లు పీల్పించి ఆస్తమా ఉందో లేదో చూసే పరీక్షే ఉంది.

నాంపల్లి_నర్సయ్య, హైదరాబాద్
నవంబర్ 14, ఉదయం 10:10

జూన్‌లో మృగశిర కార్తెకి మా ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందు వేయించండి, అన్నీ పోతాయి. లక్షల మంది వస్తారు.

లెక్కల_మాస్టారు, అనంతపురం
నవంబర్ 14, ఉదయం 10:32

లక్షల మంది రావడం రుజువు కాదు నర్సయ్య గారూ. వెళ్లేవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

వేదిక_నిర్వాహకులు
నవంబర్ 14, ఉదయం 11:00

చేపమందు మీద ఇప్పటికే వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించగలరు. ఒక సభ్యురాలు పెట్టిన మందుచీటీ ఫోటోలో పిల్లవాడి పేరు, ఫోన్ నంబరు కనిపిస్తున్నందున తొలగించాం.

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
నవంబర్ 23, రాత్రి 9:50

అందరికీ శుభవార్త. పది రోజులుగా రాత్రి దగ్గు లేదు. చుక్కలు వేసి చీదించాక నోరు మూసుకుని పడుకుంటున్నాడు. మా అత్తయ్య కూడా ఒప్పుకున్నారు, ఇప్పుడు మధ్యాహ్నం డ్యూటీ ఆవిడదే. మావారు మిర్చి యార్డులో పనిచేస్తారు, ఇంటికి రాగానే వాణ్ణి ఎత్తుకునేవారు, చొక్కా నిండా ఘాటు. ఇప్పుడు స్నానం అయ్యాకే ఎత్తుకుంటున్నారు.

రిటైర్డ్_సిస్టర్, రాజమండ్రి
నవంబర్ 24, ఉదయం 6:00

సంతోషం తల్లీ. ఇన్‌హేలర్ ఇస్తున్నావు కదూ?

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
డిసెంబర్ 7, రాత్రి 1:12

ఎవరైనా మేలుకుని ఉన్నారా? నిన్నటి నుంచి జలుబు. గంట నుంచి ఆయాసం. నిమిషానికి 52 లెక్కపెట్టాను. డొక్కలు ఎగరేస్తున్నాడు. చుక్కలు రెండుసార్లు వేశాను.

డాలస్_నాన్న
డిసెంబర్ 7, రాత్రి 1:15

ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే బయల్దేరండి. బండి లేకపోతే 108.

రిటైర్డ్_సిస్టర్, రాజమండ్రి
డిసెంబర్ 7, రాత్రి 1:16

అవును తల్లీ, బయల్దేరు. ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం రంగు ఇన్‌హేలర్ ఇచ్చారా, సాల్బుటమాల్? స్పేసర్‌తో డాక్టరు రాసిచ్చినన్ని పఫ్‌లు, ఒక్కొక్కటిగా, ప్రతిసారీ ఊపి. దారిలో ఇస్తూ వెళ్లండి. చుక్కలతో ఇప్పుడు పని లేదు. పడుకోబెట్టొద్దు, నిటారుగా ఎత్తుకో.

గోదారి_గట్టు, భీమవరం
డిసెంబర్ 7, ఉదయం 7:30

చెల్లెమ్మా, ఎలా ఉన్నాడు?

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
డిసెంబర్ 8, సాయంత్రం 4:20

ఇంటికొచ్చాం. నాలుగు గంటలు ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ మూడుసార్లు, స్టెరాయిడ్ సిరప్ మూడు రోజులకి రాశారు. ఇప్పుడు ఏనుగుతో ఆడుకుంటున్నాడు.

సిస్టర్ గారు ఆరోజు అడిగిన ప్రశ్నకి నేను జవాబు ఇవ్వలేదు. ఇన్‌హేలర్ నవంబర్ 20 నుంచి ఇవ్వలేదు. అత్తయ్య కాదు, నేనే ఆపాను. ముక్కు హాయిగా ఉంది, దగ్గు లేదు, ఇంక ఇదెందుకు అనుకున్నాను. డాక్టర్ గారు మొదటి రోజే రాశారు, చదివాను కూడా. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ "చివరి పఫ్ ఎప్పుడు ఇచ్చారు?" అని అడిగితే నోట మాట రాలేదు.

పిల్లల_డాక్టర్_ఓరుగల్లు
డిసెంబర్ 8, రాత్రి 9:45

చెప్పినందుకు సంతోషం. మీరొక్కరే కాదమ్మా, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే, పిల్లాడు బాగున్న నెలలోనే ఆపుతారు. ముక్కు తెరుచుకుంటే పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపలి నాళాల వాపు ముక్కుని చూసి తెలియదు. ఇన్‌హేలర్ ఎప్పుడు తగ్గించాలో మీ డాక్టరు మూడు నెలలకోసారి చూసి చెప్తారు.

చదివే మిగతావాళ్లకి లెక్క: పిల్లాడు నిద్రలోనో నెమ్మదిగానో ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం పొట్ట, ఛాతీ కదలిక చూడండి. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పదకొండు నెలలు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. ఆ అంకెని తాకినా దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, మాట మధ్యలో తెగుతున్నా, పెదాలు నీలంగా మారినా చుక్కలు, కషాయాలు అంటూ ఆగొద్దు.

లెక్కల_మాస్టారు, అనంతపురం
డిసెంబర్ 8, రాత్రి 10:10

నూటికి అరవై అన్నాను గుర్తుందా అమ్మా? మిగతా నలభై ఇన్‌హేలర్‌వని చెప్పాల్సింది. తప్పు నాదే.

పిల్లల_డాక్టర్_ఓరుగల్లు
డిసెంబర్ 8, రాత్రి 10:18

మాస్టారూ, మీ లెక్క తిరగేయండి. ఆస్తమా అయితే తొంభై దానివే.

బుడ్డోడి_అమ్మ, గుంటూరు
2026 జనవరి 18, సాయంత్రం 5:30

పండగ అయ్యాక రాస్తున్నా. భోగి మంట దగ్గరికి వాణ్ణి పంపలేదు, మేడ మీద నుంచి చూపించాం, ఒకటే ఏడుపు. కనుమ నాడు మళ్లీ జలుబు. పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్, ఒక్క రోజూ మానలేదు, క్యాలెండర్‌లో గీతలు పెడుతున్నా. చుక్కలు నాలుగుసార్లు. పిల్లికూతలు కొంచెం వచ్చాయి, నీలం ఇన్‌హేలర్‌తో రెండు రోజుల్లో సర్దుకుంది. ఆసుపత్రి లేదు. దేనివల్ల ఎంత తగ్గిందో నాకు తెలియదు. మా అత్తయ్యకి మాత్రం జలుబు అంటుకుంది, "నాకూ వెయ్యవే ఆ నీళ్లు" అంటున్నారు.

ఒక చిన్న ప్రశ్న. నవంబర్‌లో తెరిచిన సీసా ఇంకా సగం ఉంది. ఆవిడకి అదే వేయొచ్చా?

మందులషాపు_బెజవాడ
జనవరి 18, సాయంత్రం 5:41

వద్దండి, పారేయండి. తెరిచి నెల దాటితే ఎవరికీ వేయొద్దు. అమ్మగారికి వేరే సీసా కొనండి, మూత మీద పేరు రాసి పెట్టండి.